పరాయి చేతిలో పగ్గం

ఏడో తరగతిలో నేను బడి మానేసినప్పుడు బాధపడింది నేను కూర్చునే బెంచీ ఒక్కటే. అంత నిశ్చింతగా తన మీద నిద్రపోయేవాడు దానికి మళ్ళీ దొరకలేదు. తరువాత పశువులు చూసే పనిలో పడ్డాను. మదనపల్లె చుట్టుపక్కల ఎవరు ఆవును కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని పుంగనూరు సంతకు పోయేవారు. పళ్ళు చూసి వయసు చెప్పేవాణ్ణి, పొదుగు తడిమి గుణం చెప్పేవాణ్ణి. ఇంత మొనగాడు తన ఇంటికని కొన్న ఆవు మాత్రం సంత దాటి వంతెన మీదికి రాగానే కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. బస్సులన్నీ ఆగిపోయి, ప్రయాణికులంతా దిగి, ఆవును వదిలేసి నన్ను చూశారు.

సంతలో దాన్ని నడిపించి చూపింది యజమాని భార్య. ఆమె వెనక అది పెళ్ళికూతురిలా నడిచింది. ఆ రోజు ఒక సంగతి నేర్చుకున్నాను. పశువును యజమాని చేతిలో చూడకూడదు. దానికి ముక్కూ మొహం తెలియని మనిషికి పగ్గం ఇచ్చి, రాళ్ళలో నడిపించి చూడాలి.

అది తొంభైల్లో మాట. పదేళ్ళ తరువాత మా అక్క కూతురు అంగళ్లు దగ్గర ఇంజనీరింగ్ చదువుతూ ఒక వింత ఆట పట్టుకొచ్చింది. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక మనిషి అయిపోయి ‘నేనిప్పుడు ఇది చేస్తా’ అంటారు. చేసిన పని ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బెంగళూరు నుంచి జిరాక్సు కాగితాలలో వచ్చిన ఆటలో అంతా రాజులూ కత్తులే. మా పిల్ల మాత్రం ఈ కాలం కథ రాసింది. పుంగనూరు నుంచి బయలుదేరిన బస్సు కుప్పం బస్టాండుకు వస్తుంది. అందులో ఒక్క మనిషీ లేడు, డ్రైవరు కూడా. సీట్ల మీద సంచులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. జనం ఏమయ్యారో కనిపెట్టాలి.

ఇది ఆమె రెండో కథ. మొదటిది కుప్పంలో స్నేహితుల ముందు నడిపితే, సగంలో ఒకడు జేబులోంచి పేక తీసి పంచడం మొదలుపెట్టాడట. నాలుగు నెలలు ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఈసారీ పేక బయటికొస్తే నోటుబుక్కు పొయ్యిలో పెడతానంది. మా పిల్ల అన్నంత పని చేసే రకం.

ముందు మదనపల్లెలో మా అక్క ఇంట్లోనే ఆడి చూశాం. ఆటలో నేను పశువుల ఆసుపత్రి కాంపౌండరును, మా అక్క బస్టాండులో టీకొట్టు మనిషి, ఎదురింటి టైలరు పోలీసు.

“మే, బస్సు టాపు మీద మేకలుంటాయి కదా, అవి ఏమయినాయి?” అన్నాను.

పిల్ల రెప్ప కూడా వేయలేదు. “ఉండాయి మామా. నువ్వు అడుగుతావని ఎదురుసూస్తాండాయి.”

అందరం నవ్వాం. చీకటి పడేదాకా ఆడాం.

“చానా బాగుండాది మే,” అన్నాను.

“నిజంగానా మామా? కుప్పమోళ్ళు పేక తియ్యరు కదా?”

“తీస్తే నేను ఉండాను.”

తరువాతి సంతలో ఒకడు ముద్దు మాటలాడుతూ తన ఆవును నడిపిస్తుంటే చూసి గతుక్కుమన్నాను. నేను చేసిందేమిటి? కథను యజమాని చేతిలోనే చూసి బాగుందనేశాను. ఇంటికొచ్చి ఆమె నోటుబుక్కు తిరగేశాను. అందులో మేకలు లేవు. టీకొట్టూ లేదు. మాకు నచ్చినదంతా ఆమె అప్పటికప్పుడు అల్లింది.

“కుప్పంలో నువ్వు సెప్పొద్దు. బుక్కు ఇంకొకరి చేతికిచ్చి నోరుమూసుకుని కూర్చో,” అన్నాను.

“నా కథ నేను సెప్పకుండా ఎవరో సెప్పేదేంది?”

“ఎవరు సెప్పినా నిలబడితేనే కథ. నువ్వు సెప్తే నా చాకలి పద్దు గూడా బాగుంటాది.”

రెండు రోజులు మా గడప తొక్కలేదు. మూడో రోజు వచ్చి, “టీకొట్టాయనకు ఏం తెలిసుంటాది మామా?” అని అడిగింది. అప్పటి నుంచి నన్ను వదలలేదు. బస్టాండులో ఉండే ఒక్కొక్క మనిషికీ ఒక పేజీ పెట్టి, వాడికేం తెలుసు, వాడికేం కావాలి అని రాసుకుంది.

ఆదివారం బస్సెక్కాం. వి.కోట దాటినా ఆమె బుక్కు మూయలేదు. సలహా నాది. చెడితే పిల్ల రాత ఆగిపోతుంది.

కుప్పంలో స్నేహితురాలి మిద్దె మీద గదిలో కూర్చున్నారు. అంతవరకూ ఆ బుక్కు చూడని ఒక అమ్మాయి చేతికి మా పిల్ల దాన్ని ఇచ్చి కిటికీ దగ్గరికి పోయింది. ఆడేవాళ్ళు నలుగురు. అందులో పేకవాడూ ఉన్నాడు. చొక్కా జేబు ఉబ్బుగా ఉంది. నేను ఆట చూడలేదు, ఆ జేబునే చూశాను.

ఆ అమ్మాయి తడబడుతూ చదివింది. రెండుసార్లు పేజీ తప్పింది. ఒకడు ఆవలించాడు. పేకవాడి చెయ్యి జేబులోకి పోయింది. పేక బయటికొచ్చింది. కిటికీ దగ్గర మా పిల్ల తల వంచుకుంది.

వాడు ఆ పేకను తీసుకుపోయి ఫ్యాను గాలికి ఎగిరే నోటుబుక్కు పేజీల మీద బరువుగా పెట్టాడు.

“ఉండప్పా, బస్సు తరువాత సూద్దాం. ముందు టీకొట్టాయన్ని అడగాల. డ్రైవరు యాడోడు, ఎవురి తాలూకు?”

అమ్మాయి పేజీ వెతికింది. టీకొట్టాయన పేజీ ఉంది. అక్కడి నుంచి కథ తన కాళ్ళ మీద తను నడిచింది. క్వారీలో జరిగిన ప్రమాదాన్ని కళ్ళారా చూసిన కూలీ ఒకడు సాక్ష్యం చెప్పడానికి ఆ బస్సులో వస్తున్నాడు. కుప్పంలో అతని నోరు నొక్కడానికి క్వారీవాళ్ళ జీపు కాచుకుని ఉంది. అతనొక్కడే దిగితే ఎవరో ఒకరు చెప్పేస్తారు కాబట్టి, వి.కోట దగ్గర బస్సంతా దిగిపోయింది. డ్రైవరు ఖాళీ బస్సు తెచ్చి నిలిపి జనంలో కలిసిపోయాడు. జీపువాళ్ళకు నిజం చెప్పాలా వద్దా అన్నది ఆడేవాళ్ళ ఇష్టం. నలుగురూ గొంతులు పోయేలా వాదించుకుని, చివరికి అబద్ధం చెప్పారు. పాచిక ఇరవైకి మూడే పడింది. అబద్ధం దొరికిపోయింది.

“టాపు మీద ఏమన్నా ఉండాయా?” అన్నాడు పేకవాడు.

అమ్మాయి పేజీ తిప్పి చదివింది. “ఏడు మేకలు.”

వాటిని జీపుకు అడ్డంగా తోలేశారు. గదంతా గోల. అప్పుడుగానీ నేను కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకోలేదు. మా పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ, చున్నీతో మొహం తుడుచుకుంటోంది.

తిరుగు బస్సులో నా ప్రాణం తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉంటే నాకు నోరు ఆగదు.

“సూసినావా మే, పశువైనా కథైనా నా కన్ను తప్పదు. నా మాట వినబట్టే ఈ పొద్దు నీ కథ నడిచింది.”

“నడిచిందిలే మామా,” అంది పిల్ల, పుంగనూరు వంతెన వస్తుంటే కిటికీలోంచి వెతుకుతూ. “నీ ఆవు లేచినాదేమో సూస్తాండా.”