మూడుసార్లు పడిన మనిషి

మా అక్క మొగుడు పనిచేసిన దేశం పేరు నేను రాయను. బావ ఇప్పటికీ ఆ పేరు ఎత్తడు. ఇంట్లో ఇంకెవరైనా ఎత్తితే లేచి వాకిట్లోకి వెళ్ళిపోతాడు. ఆయనకు లేని సరదా నాకెందుకు? చమురు గొట్టాలు అతికే వెల్డరుగా పోయాడక్కడికి, పెళ్ళయిన రెండో ఏడు. డెబ్బైల చివర్లో ఆ దేశపు రాజు మీద జనం తిరగబడ్డారు. మొదట బావ జాబులు ఆలస్యమయ్యాయి, తర్వాత రావడమే మానేశాయి. అక్క అప్పుడు తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో మా ఇంట్లోనే ఉండేది. రేడియోలో ఆ దేశం పేరు వినబడితే చేతిలో ఉన్న చాట అక్కడే వదిలేసేది. చమురు ఊళ్ళో పనివాళ్ళ మీద సైన్యం కాల్పులు జరిపిందని ఒక సాయంత్రం చెప్పారు. ఎంతమంది పోయారో, ఏ దేశం వాళ్ళో చెప్పలేదు. ఆ వెంటనే వాతావరణం, రేపు అక్కడక్కడ జల్లులు. ఆ రేడియోను తీసుకెళ్ళి బావిలో పడేద్దామన్నంత మంట పుట్టింది నాకు.

మా పక్కింటావిడ తిరువళ్ళూరులో ఒక సినిమా హాల్లో మురుకులూ వేరుసెనగ ఉండలూ అమ్మేది. అక్కడ పొద్దుటాటకు పాత ఇంగ్లీషు సినిమాలు తక్కువ టికెట్టుకు వేసేవాళ్ళు. లైట్లార్పి న్యూస్ రీల్ మొదలుపెట్టగానే ఆమె బుట్టతో వరసల మధ్య తిరిగేది. అసలు సినిమా మొదలయ్యాక ఎవరూ కొనరు కాబట్టి బయటికొచ్చి ఇంటర్వెల్ సరుకు సర్దుకునేది. అన్నేళ్ళు ఆ హాల్లో తిరిగి ఒక్క ఇంగ్లీషు సినిమా కూడా చూడలేదు మహాతల్లి.

ఒకరోజు ఆమె హాలు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది, బుట్ట చంకలోనే ఉంది. అక్కకు తెలియకూడదని వంటింట్లోకి పోయి మా అమ్మ చెవిలో చెప్పింది. మా వంటింటికి ఉన్నది మొలెత్తు గోడ, చెవిలో చెప్పినా వాకిట్లో ఉన్న అక్కకూ నాకూ వినబడింది.

"న్యూస్ రీల్‌లో ఆ దేశమే సూపిస్తా ఉండారక్కా. గోడకు నిలబెట్టి కాలుస్తా ఉండారు. అందులో ఒకాయన నడక మీ అల్లుడి మాదిరే ఉంది. నాకు మనసు సరిలేదు."

ఆ రోజుల్లో ఏ హాల్లోనైనా సినిమాకు ముందు సర్కారు న్యూస్ రీల్ వేసి తీరాలి. ఎక్కడో వరద, ఎక్కడో కొత్త ఆనకట్ట, ఎవరో మంత్రి రిబ్బను కత్తిరించడం. సినిమాలో ఎన్ని అబద్ధాలైనా ఉండొచ్చు గానీ, దానికి ముందు నలుపు తెలుపులో వచ్చేదంతా నిజమని మా వాళ్ళ గట్టి నమ్మకం. నాదీ అదే నమ్మకం. టైపు క్లాసుకు పోతున్నాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు అని మిడిసిపడేదాన్ని, నాకూ అనుమానం రాలేదు.

అమ్మ బావ వాళ్ళ ఊరు తిరుత్తణికి కబురు పంపింది. అక్క మామగారు మరునాడు తెల్లవారి బస్సుకే దిగాడు. అమ్మా, అక్కా, ఆయనా, నేనూ నలుగురం హాలుకు పోయాం. ముందు ఆనకట్ట వచ్చింది, అరవంలో వ్యాఖ్యానం. అది అయీ అవగానే, మధ్యలో ఏ పేరూ పడకుండా, ఒక ఇంగ్లీషు గొంతు మొదలైంది. వీధిలో యుద్ధ ట్యాంకులు, పరుగెత్తే జనం, పొగ. తర్వాత ఒక వరస మనుషుల్ని తుపాకులతో గోడ దగ్గరికి తోలుకుపోతున్నారు. అందరికన్నా చివర ఒక పొడుగాటి నల్లటి మనిషి, ఎడమ భుజం కిందికి వంగి ఉంది. గ్యాసు సిలిండర్లు మోసీ మోసీ బావకు అట్లాగే వంగిపోయింది. మాకు వీపే కనబడుతోంది. అతను తడబడి సగం ఇటు తిరిగాడు, ముఖానికి పొగ అడ్డం వచ్చింది. పడిపోయాడు.

మామ లేచి నిలబడ్డాడు. అరవలేదు. "నా కొడుకు" అన్నాడు, అంతే, బెంచీల మధ్య కూలబడ్డాడు. నలుగురు పట్టుకుని బయటికి మోశారు. మురుకులావిడ సోడా కొట్టి తాగించింది. నేను అక్క కోసం మళ్ళీ లోపలికి పోయాను. గోడ కనబడినప్పుడే కొంగుతో కళ్ళు మూసుకుందట, ఇంకా తీయలేదు. తెర మీద ఏదో కారు పోతోంది. ఎవరు చూశారు దాన్ని! అక్క జబ్బ పట్టుకుని లాక్కొచ్చాను.

ఆ సాయంత్రమే మామ అక్కను తిరుత్తణికి తీసుకుపోయాడు. తోడుగా నేనూ పోయాను. పురోహితుణ్ణి పిలిపించారు. శవం లేదు కాబట్టి దర్భగడ్డితో మనిషి బొమ్మ కట్టి, అమావాస్యనాడు ఏటి ఒడ్డున కాల్చి కర్మ చేయాలన్నాడాయన. చేసే ముందు బాగా ఆలోచించుకోమని కూడా అన్నాడు. ఒకసారి బొమ్మ కాలిందంటే ఆ మనిషి పోయినట్టే లెక్క. రేపు వచ్చి గుమ్మం ముందు నిలబడినా లోపలికి రానివ్వకూడదు. మళ్ళీ పుట్టినట్టు బారసాల చేసి పేరు పెట్టాలి, పెళ్ళాం మెడలో మళ్ళీ తాళి కట్టాలి. ఆలోచించడానికేముంది, కళ్ళారా చూసినాను అన్నాడు మామ.

అత్త గాజులు తీయించడానికి పళ్ళెం తెచ్చింది. అక్క రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఏడవలేదు.

"ఆయన వస్తే యాడికి పోతాడు మామా?" అని మాత్రం అడిగింది.

అమావాస్య దాకా గాజులు ఉండనీమని పురోహితుడే సర్దిచెప్పాడు.

నేను ఒళ్ళు మండిపోతూ ఇంటికి తిరిగొచ్చాను. ఆ రాజు మీద కోపం, ఆ సైన్యం మీద కోపం, మురుకులావిడ మీద కోపం. అన్నిటికన్నా మామ మీద. వీపు చూసి కొడుకును చంపేసుకుంటాడా మనిషి? ముఖం చూడొద్దా? బుధవారం టైపు క్లాసు ఎగ్గొట్టి ఒక్కదాన్నే హాలుకు పోయి, తెరకు దగ్గరగా నేల టికెట్టులో కూర్చున్నాను. అతను తడబడ్డాడు, తిరిగాడు, పొగ వచ్చింది, పడ్డాడు. ముఖం ఈసారీ కనబడలేదు. ఒకవేళ మళ్ళీ చూపిస్తారేమోనని లేవకుండా ఉండిపోయాను.

కారు ఆగింది. టోపీ పెట్టుకున్న ఒక తెల్లదొర దిగి సిగరెట్టు ముట్టించాడు. సంగీతం మోగింది. సరే, న్యూస్ రీల్ అయిపోయి సినిమా మొదలైంది కాబోలు అనుకున్నాను. దొర రాజుగారి కోటలో ఏదో రహస్య పటం దొంగిలించాలి, సైన్యం వెంటపడాలి, అదీ కథ. అతను ధన్‌మని తలుపేస్తే కోట గోడ దడి ఊగినట్టు ఊగింది. ఇంతలో వీధిలో అల్లరి చెలరేగింది. అదే పొగ, అదే గోడ, అదే వరస. చివర్న అదే భుజం. పడిపోయాడు.

న్యూస్ రీల్‌లో చచ్చిన మనిషి సినిమాలోకి ఎట్లా వచ్చాడు? ఇంటర్వెల్ తర్వాత ఇంకోసారి వచ్చాడు. ఈసారి ఫిల్మును తిరగేసి అతికించినట్టున్నారు, వరస కుడి నుంచి ఎడమకు పోతోంది, వంగింది కుడి భుజం. అటువైపు పడ్డాడు. నేను పగలబడి నవ్వాను. వెనక నుంచి ఎవరో కసిరారు. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలియదు. జనాన్ని పోగేసి తీయడానికి గతి లేని ఎవరో, ఎక్కడిదో ఒక పాత అల్లర్ల ఫిల్ము ముక్కను తెచ్చి, సరిపోని చోటల్లా అంటించుకున్నారు. మా అక్క గాజుల మీదికి తెచ్చారు.

బయటికొస్తూ గేటు దగ్గర అడిగితే, ఊరూరా తిరిగి రీలు మొదలు తెగిపోయిందనీ, పేర్లు పోయి ఎన్నేళ్ళయిందో తెలియదనీ చెప్పారు. అంటే ఆనకట్ట అయిన వెంటనే మేం చూసింది సినిమానే. సినిమా ఎప్పటిదని అడిగాను. నువ్వు పుట్టకముందుది అన్నారు. శుక్రవారం కొత్త సినిమా. శుక్రవారమే అమావాస్య.

ఆ మధ్యాహ్నమే తిరుత్తణి చేరాను. అప్పటికే బొమ్మ కట్టేశారు. పంచలో చాప మీద పడుకోబెట్టి ఉంది, చేతులూ కాళ్ళూ తలా అన్నీ ఉన్నాయి. నేను చూసిందంతా చెప్పాను. మామ నా వైపు తిరగనైనా తిరగలేదు. నా కొడుకు నడక నాకు తెలీదా అన్నాడు. దుఃఖంలో ఉన్న ఇంటి వాళ్ళు సినిమాకు పోతారా, సిగ్గులేదా అన్నాడు. ఇక ఎంత వాదించినా లాభం లేదని అర్థమైంది. పక్కన కూర్చున్నాను.

"మామా, నీ కొడుకును ఇంకొకసారి సూస్తావా?" అన్నాను.

ఆయన అప్పుడు తిరిగాడు. "సూపిస్తావా పాపా?" అన్నాడు.

గురువారం పొద్దుటాట. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మొదటిసారి ఆ మనిషి పడగానే లేవబోయాడు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. టోపీ దొర వచ్చాడు, కోట ఊగింది. రెండోసారి పడినప్పుడు మామ ముందుకు వంగి చూశాడు. మూడోసారి అతను అటు తిరిగి పడ్డాక, తువ్వాలు మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"సచ్చినోడు మల్లా మల్లా సస్తాడా పాపా?"

"సినిమా మామా" అన్నాను.

చివరిదాకా కదలకుండా చూశాడు. దొర విమానమెక్కి పోతుంటే, వీడి మొగం మండ అని గట్టిగా తిట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ గేటు దాటి ఎండలోకి రాగానే నిలబడిపోయాడు.

"అయితే నా కొడుకు యాడ?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర ఏ సినిమా లేదు. మనిషి చావలేదని తేలిందే గానీ, బతికున్నాడని ఎవరు చెప్పారు? అమావాస్య వెళ్ళిపోయింది. కట్టిన బొమ్మను విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. కాల్చకూడదు, పారేయకూడదు. ఎప్పుడు కావలసి వస్తుందో అన్న మాట ఎవరూ అనలేదు గానీ, అందరి మనసులోనూ అదే. మామ దాన్ని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాడు. దాని కింద పడుకోవడానికి అత్త ఒప్పుకోలేదు. అక్క అక్కడే ఉండిపోయింది, నేను పోయి వస్తుండేదాన్ని. గాలి వీస్తే పైన గడ్డి కదిలిన చప్పుడయ్యేది, అన్నం తింటున్న వాళ్ళం ఆగిపోయేవాళ్ళం. పిండి రుబ్బుతుంటే అక్క గాజు ఒకటి పగిలితే అత్త పొద్దంతా ఏడ్చింది. అట్లా ఎన్ని నెలలు గడిపామో!

మండు వేసవిలో ఒక మధ్యాహ్నం బావ బస్సు దిగి నడిచి వచ్చాడు. సగమయ్యాడు. ఎడమ భుజం ఇంకా వంగింది. అక్క వాకిట్లోనే ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. అత్త పరుగున నీళ్ళచెంబు తెచ్చింది.

వారం తర్వాత నేను పోయినప్పుడు, అటక మీద ఆ మూటేమిటని అడిగాడు. ఇక మామకు పట్టపగ్గాల్లేవు. మురుకులావిడ దగ్గర్నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పాడు. అత్త నవ్వింది, అక్క నవ్వింది. మూడోసారి ఎట్లా పడ్డాడో నేను పడి చూపించాను. నేల మీది నుంచి చూస్తే బావ ఒక్కడే నవ్వడం లేదు.

"గోడ ఎట్లుండింది పాపా?" అన్నాడు.

తెల్ల గోడ, కింద నల్ల చార అని చెప్పాను. తల ఊపాడు.

"నా పక్కన నిలబడినోడు ఒక్కసారే పడినాడు" అన్నాడు.

మామ మొహంలో నవ్వు అట్లాగే ఆగిపోయింది. వాడిది మలబారు పక్క అని, కర్మ చేయడానికి వెనకా ముందూ ఎవరూ లేరని, అక్కడే ఎక్కడో పూడ్చేశారని బావ చెప్పాడు.

స్టూలు వేసుకుని బావే అటకెక్కి మూట దించాడు. చీర విప్పి, దుమ్ము దులిపి, ఊడిపోయిన ఒక చెయ్యిని మళ్ళీ గట్టిగా కట్టాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని ఏటివైపు నడిచాడు. మామ అగ్గిపెట్టె తీసుకుని వెనకే పోయాడు. అక్క లేచి, వాళ్ళు తిరిగొచ్చి తలకు పోసుకోవడానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.