రెండు వాగుల నడుమ నర్సక్క

బీదర్ పక్కన చిద్రిల ఉండే మా నర్సక్క పోయిందని మొన్న ఆదివారం చర్చిల ప్రార్థన అయినంక పాస్టరయ్య చెప్పిండు. నేను ఆమెకు చుట్టాన్ని కాను. మా బీదర్ మైసూరు రాష్ట్రంల ఉన్నప్పుడు పల్లెలు తిరిగే దవాఖానా జీపుకు నేను డ్రైవర్ని, ఆమె నర్సు. ఆమె ఎన్నడూ ముందట సీట్ల కూసోలేదు. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకొని వెనుక, రోగి పక్కనే కూసునేది.

ఒక వానకాలం దుబల్గుండి దిక్కు నుంచి కాన్పు నొప్పులు పడుతున్న పిల్లను బీదర్ దవాఖానకు తీసుకొస్తున్నం. ఒక వాగు దాటినం. ముందటి వాగు పొంగి రోడ్డెక్కింది. వెనుకకు తిప్పితే, దాటొచ్చిన వాగు గూడ పొంగింది. పొలాల బాట పట్టుదామని జీపు మలిపితే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. పెట్రోల్ ముల్లు సగం చూపిస్తాంది. సీటు లేపి, దాని కింది టాంకుల పుల్ల ముంచిన. తడి గూడ తగల్లేదు.

"అక్కా, పెట్రోల్ లేదు. ముల్లు దగా చేసింది" అన్న. 

"ఎందుకు దగా చేసిందో చూడు, తమ్మీ."

"చూసి ఏం ఫాయిదా? ఇక్కడ్నించి కదలలేం గద!"

"కదలలేం. అయినా చూడు. బీమారి ఏందో ఎరుకైతే సగం భయం పోతది. చూసింది గట్టిగ చెప్పు, ఈ బిడ్డ గూడ వింటది."

వాళ్లకు వీపు పెట్టి పనిల పడ్డ. టాంకు మీది తీగె ఊడదీసి జీపు రేకుకు తాకించిన. ముల్లు చటుక్కున కదిలింది.

"మీటరు మంచిగుందక్కా, తీగె మంచిగుంది. తప్పు టాంకు లోపలే."

"అయితే లోపల చూడు."

స్క్రూలు విప్పి కడ్డీ బయటికి తీసిన. పెట్రోల్‌తోని లేచి దిగే చిన్న డబ్బా దాని కొసకు ఉంటది. కడ్డీ మలుపుకాడ తుప్పు పట్టి, డబ్బా సగంలనే నిలిచిపోయింది. పెట్రోల్ దిగింది, అది దిగలేదు.

"ఇరుక్కున్నదక్కా, మన లెక్కనే!"

అంత నొప్పిల గూడ ఆ పిల్ల నవ్వింది. జరసేపటికి జీపులనే ఆడబిడ్డ పుట్టింది. పొద్దు గూకేముందు వాగు తగ్గింది. హళ్ళిఖేడ్ పోయే ట్రాక్టరాయన తాడు కట్టి మమ్మల్ని గుంజుకపోయిండు.

నీకు భయం కాలేదా అక్కా అని తర్వాత ఎన్నడో అడిగిన. "మస్తుగ అయింది. నీ వీపు చూసుకుంట ఉన్న. నీ చేతులు ఆడుతుంటే నా చేతులు గూడ ఆడినయ్" అన్నది.

ఆఖరుకు పక్షవాతం వచ్చింది. అన్ని ఊర్లు తిరిగిన మనిషి ఒక్క అర్రల మంచం మీద చిక్కింది. విసుక్కునేది, ఏడ్చేది. ఓదార్చనీకి వచ్చినోళ్లను పొమ్మనేది. నేను పోతే మాత్రం "ఇయ్యాల ఏ తొవ్వ పట్టినవ్?" అని అడిగేది. మలుపు మలుపూ చెప్తుంటే కండ్లు మూసుకొని, దుప్పటి మీద వేలితోని ఆ తొవ్వ గీసేది.

నేను ఆఖరుసారి పోయినప్పుడు, చెప్తున్న తొవ్వల హుమ్నాబాద్ రాకముందే ఆమె వేలు ఆగింది. నిద్రపట్టింది. నేను లేవలేదు. మిగిలిన తొవ్వంతా మెల్లగ చెప్పుకుంట కూసున్న.