రేణుకమ్మ వాటా

విలాస్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అప్పుడే నాందేడ్ లారీ అడ్డాలో ఆయన పేరెత్తితే నవ్వుతున్నారు. తాబేలు విలాస్ అట, బండి నడపడం రాక పాకించాడట. ఎందుకు పాకించాడో చెప్పడానికి మాత్రం అక్కడ ఒక్క నోరూ లేవదు.

ఇస్లాపూర్ అవతల గుట్టమీది వాడలో పుట్టాడు విలాస్. సెంటు భూమి లేని ఇల్లు. తల్లి ఎంకవ్వ ఊరివాళ్ల పత్తిచేలల్లో కూలికి పోయి పెంచింది. మీసాలు రాకముందే లారీ ఎక్కి, దెగ్లూర్ నుంచి నాందేడ్ దాకా పత్తి బేళ్లు మోసి మోసి డ్రైవరయ్యాడు. ఎండాకాలంలో గుట్టమీదికి నీళ్లు మోయించే గుత్తేదారు గజానన్ శేట్ దగ్గర ఒక ట్యాంకర్‌కు డ్రైవర్ లేడని తెలిసి, మావాళ్ల నీళ్లు నేనే మోస్తానని సంబరంగా చేరాడు. సైన్యం వాళ్లు వాడి వాడి వేలం వేసిన బండి అది. ముందు చక్రాలు కూడా ఇంజను బలంతో లాగుతాయి.

మొదటిరోజే ఆ సంబరం చచ్చింది. శేట్ ఇంకో ట్యాంకర్ నడిపే నిలేశ్ ముందు పోతూ, గుట్టెక్కే ఘాట్ రోడ్డు మొదట్లో బండి ఆపాడు. దిగి, రాయిమీద కొబ్బరికాయ కొట్టి, రేణుకమ్మ గుడి ఉన్న మాహూర్ దిక్కు దండం పెట్టి, వెనక వాల్వ్ తిప్పాడు. నీళ్లు బురబురమంటూ మట్టిలోకి పోయాయి.

"ఏంది భావ్, నీళ్లు ఒలుకుతున్నయ్!" అని విలాస్ కేకేశాడు.

"ఒలుకుతలెవ్వు, నేనే ఇడుస్తున్న. రేణుకమ్మ వాటా గిది. నువ్వు గూడ తిప్పు."

"సగం పోతున్నయ్‌గదనే!"

"నిండు ట్యాంకు గీ ఘాట్ ఎక్కుతదా? ఎనక్కి జారితే నిన్ను ఎత్తనీకి గూడ మనిషి దొరకడు. కాయ లేకుంటే నాది తీస్కో, అమ్మ ఏమనుకోదు."

విలాస్‌కు ఒక్కొక్కటే అర్థమైంది. కింద నింపేచోట ట్యాంకు నిండిందా లేదా అని చూసే మనిషి ఉన్నాడు, నిండిన ఖేపుకే శేట్‌కు డబ్బు. పైన ఎన్ని నీళ్లు దిగాయో చూసే మనిషి లేడు. పైవాళ్లకు ట్యాంకు పట్టేదే అంత అని చెప్పారు. వాళ్లు నమ్మారు. ఎండ మండిపోయే ఆ రోజుల్లో చుట్టూ గుట్టలన్నీ కాలిన పెంకులా ఉంటే, కొబ్బరి చిప్పలు పడివున్న ఆ ఒక్క చోట మోకాలెత్తు పచ్చగడ్డి. ఆ రోజు విలాస్ కూడా వాల్వ్ తిప్పాడు. పైన వరస చివర నిలబడ్డ ఎంకవ్వ బిందెకు అడుగు తడిసిందో లేదో, పైపు ఎండిపోయింది.

"అయిపోయినయా కొడుకా? కానియ్ తియ్," అంది తల్లి. ఆమె ఒక్క మాట తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే శేట్ ముందు నిలబడ్డాడు.

"మాలక్, బండిల రెండో గేర్ పెట్టె మార్పియ్యున్రి. చిన్న గేర్లు ఏపిస్తే నిండు ట్యాంకు పైకెక్కుతది."

"ఎక్కుతది, ఎప్పుడెక్కుతది? పొద్దుమూకినంక! నాలుగు ఖేపులు గొట్టే బండి రెండు ఖేపులు గొడుతది. అమ్మవారి వాటా మీద నీకేం కోపం రా?"

"అమ్మవారు అడిగిందా మాలక్, మా అవ్వ నోటి కాడి నీళ్లు? అడిగిందంటే చెప్పున్రి, నేనే మాహూర్ పోయి అడిగొస్త."

తాళంచెవి బల్లమీద పెట్టేశాడు. ఎండలు ముదురుతున్నాయి, ఆ ఘాట్‌కు డ్రైవర్లు దొరకరు. శేట్ పళ్లు నూరి, "నీ రెక్కల మీద నువ్వే చేస్కో పో," అన్నాడు.

నాందేడ్‌లో కైలాశ్ షెడ్డుకు బండి తోలాడు విలాస్. పాత సైన్యం బండ్లు విప్పి సామాను దాచుకునే మనిషి కైలాశ్. అసలు గేర్‌బాక్సు వెనక, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే బరువైన ఇనుప పెట్టెను ఇద్దరూ కలిసి దించారు. విలాస్ ఛాతీ మీద దాన్ని ఆనించుకుని గొలుసు లాగుతుంటే కైలాశ్ నవ్వాడు.

"పెండ్లాన్ని గూడ గింత గట్టిగ పట్టుకున్నవో లేదో!"

"నవ్వు భావ్, నవ్వు. గేర్లు మాత్రం మంచియి ఎయ్యి."

"చిన్న పండ్లచక్రం తోని పెద్దదాన్ని తిప్పుతున్న. ఉరుకుడు బందయితది, బలం అస్తది. మనిషి నడిచినట్టు పోతది నీ బండి, చూస్కో. ఎనక నుంచి హారన్లు కొడితే నన్ను తిట్టకు."

హారన్లు కొట్టారు, ఆ రోజే పేరూ పెట్టారు. ఘాట్ మొదట్లో విలాస్ బండి ఆపి, కొత్త గేర్ల కర్రను కిందికి నొక్కి, వాల్వ్ ముట్టకుండా కదిలాడు. బండి మూలిగింది, వణికింది, కానీ ఎక్కడా వెనక్కి జారలేదు. నిలేశ్ పక్కనుంచి దూసుకుపోతూ అరిచాడు, "ఏ తాబేలూ, పైన పెండ్లి ఉందా, ఊరేగింపు తీస్తున్నవ్!"

పైన బిందెలు నిండాయి. గాబులు నిండాయి. వరస చివర ఎంకవ్వ బిందె కూడా నిండింది. పైపులోంచి నీళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. పట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఎంకవ్వ నవ్వలేదు. ట్యాంకును అటూ ఇటూ చూసింది.

"ట్యాంకు పెద్దది తెచ్చినవా?"

"గదే ట్యాంకవ్వా."

"మరి ఇన్నేండ్లు మిగతా సగం ఏడికి పోయింది రా?"

విలాస్ చెప్పాడు. తానూ తిప్పానని కూడా చెప్పాడు. ఎంకవ్వ చిల్లుపడ్డ పాత బిందె ఒకటి చంకన పెట్టుకుని, కొడుకు పక్కన బండెక్కి కూర్చుంది.

దిగేసరికి కింద నిలేశ్ రెండో ఖేపుతో వచ్చి, కాయ చేత పట్టుకుని ఉన్నాడు. ఎంకవ్వ పోయి వాల్వ్ ముందు, ఆ పచ్చగడ్డిలో, చతికిలబడింది.

"కాయ గొట్టుకో బిడ్డా, అమ్మకు కాయ ఇయ్యి. నీళ్లు ముట్టినవంటే ఈ బిందె నీ నెత్తిన పగులుతది."

"గట్లంటే ఎట్లవ్వా? నా బండి ఎక్కదుగద!"

"ఆ తాబేలు ఎక్కుతది. దాన్ల పొయ్యి."

పంపు పెట్టి నిలేశ్ బండిలోని సగం నీళ్లను విలాస్ బండిలోకి తోడారు. నిలేశ్ గొణుగుతూనే పైపు పట్టాడు. రెండు ట్యాంకర్లూ ఒకదాని వెనక ఒకటి, మనిషి నడకన, ఘాట్ ఎక్కాయి. మర్నాడూ ఎంకవ్వ వచ్చి అక్కడే కూర్చుంది, ఆ మర్నాడూ కూర్చుంది. శేట్ జీపులో వచ్చి అరిచి పోయాడు. ఆమె లేవలేదు.

అడ్డాలో నవ్వేవాళ్లకు ఇవేవీ గుర్తులేవు. ఆ ఎండాకాలం ఘాట్ కింది గడ్డి ఎండిపోయింది.