ముందు పనిముట్లు

మా బావ సిక్స్‌టెన్ చెక్క పడవలు చేసేవాడు. స్వీడన్ పడమటి తీరంలోని మా ఓరుస్ట్ దీవిలో ఆయన చేసిన పడవ ఉన్నవాళ్ళకి కాస్త పొగరు కూడా ఉండేది. ఉలులన్నీ నూరుకుని, రంపాలు సానపట్టి, బల్ల తుడుచుకుంటే గానీ చెక్క మీద చెయ్యి వేసేవాడు కాదు. ఎవరైనా తొందరపెడితే, ముందు పనిముట్లు అనేవాడు. పెళ్ళి మాట ఎత్తడానికి కూడా అలాగే సిద్ధపడుతూ కూర్చుంటే, చివరికి తనే అడగాల్సి వచ్చిందని మా అక్క గున్వోర్ నవ్వేది.

అక్కకి నరాల జబ్బు వచ్చింది. చేతులకంటే ముందు మాట పడిపోతుందనీ, మనిషి మహా అయితే వసంతం దాకా ఉంటుందనీ డాక్టరు మొహం మీదే చెప్పింది. మాట పోయాక వాడుకోవడానికి నొక్కితే మాట్లాడే యంత్రం ఒకటి ఇస్తామన్నారు. వినిపించారు కూడా. స్టాక్‌హోం ఆడమనిషెవరిదో గొంతు, తెచ్చిపెట్టుకున్న మర్యాద.

బావ ఇంటి ముందు కారు ఆపాక, "నా పెళ్ళాం నన్ను స్టాక్‌హోం యాసలో తిడుతుందా? నేనే చేస్తాను" అన్నాడు.

ఆయన అనుకున్నది ఇది. అక్క మాటలు అక్క గొంతులోనే పట్టి ఉంచాలి. తెర మీద గడులు పెట్టాలి. గడి మీద వేలు ఆనిస్తే ఆ మాట పలకాలి. అందుకోసం ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. డెబ్బై దాటిన మనిషి, అప్పటిదాకా కంప్యూటర్లో వాతావరణం తప్ప మరొకటి చూసి ఎరగడు.

గ్రంథాలయంలో సాయంకాలం క్లాసు చెప్పే తూవా మొదటిరోజే ఆయన ల్యాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పెట్టి, రెండు వరుసలు రాయించి, ఆయన పేరు తెర మీద కనిపించేలా చేసింది. మీ పనికి ఇది చాలు, రేపటినుంచి రాయడమే అంది. ఈయన ఇంటికొచ్చి దాన్ని తీసేశాడు. ఇంకో భాష దీనికంటే వేగమైనదని క్లాసులో ఎవరో అన్నారట. ఆ భాష పెట్టాక, రాసుకునే ఎడిటర్ నచ్చలేదు. ఎడిటర్లు మార్చి మార్చి, తప్పు విండోస్‌దే అని తేల్చి, దాన్ని ఊడబెరికి లినక్స్ వేశాడు. దాంతో ల్యాప్‌టాప్ మూగదైపోయింది. పాటలు విందామన్నా శబ్దం రాదు. దాన్ని బాగుచేయడానికి కొత్త వెర్షన్, ఆ కొత్తదానికి పడని పాత మైకు, గోథెన్‌బర్గ్ నుంచి ఇంకో మైకు. శరత్కాలమంతా ఇదే భాగోతం. గడి ఒక్కటీ లేదు, మాట ఒక్కటీ పట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు పలికించడానికి ఇంత తతంగమా అని దులిపేశాను. ఆయన నా వైపు తిరగనైనా లేదు. "మొద్దు ఉలితో మొదలెడితే ఆ గాటు చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది, సిగ్నే. ఇది ఆవిడ గొంతు" అన్నాడు.

తొలి మంచు పడిన రోజుల్లో అక్క సిగ్నే అని నా పేరు పలకబోయి తడబడింది. నేను వెంటనే ఫోన్ తీసి, ఏదో ఒకటి మాట్లాడు, దీన్లో పట్టేస్తానన్నాను. అక్క ఫోన్ మీద చెయ్యి కప్పేసింది.

"లోపల పెట్టవే. ఆయన చేస్తున్నాడుగా."

"ఎప్పటికవుతుందే?"

"ఆయన పడవలోకి ఎప్పుడైనా ఒక్క చుక్క నీరు దిగిందా? నా కోసం ఆయన చెయ్యగలిగింది ఇదొక్కటే. అది కూడా నువ్వే చేసేస్తే ఇంక ఆయనకేం మిగులుతుంది?"

నేను ఫోన్ సంచిలో పెట్టేశాను.

శీతాకాలం మధ్యలో అన్నీ కుదిరాయి. పడవల కొట్టంలో ఒక మూల బయటి చప్పుడు రాకుండా గోడలకి ఉన్ని దుప్పట్లు కొట్టి, మైకు బిగించి, గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని అక్కని పిలిచాడు. అక్క కూర్చుంది. మొదటి మాట ఆయన పేరే. నోరు తెరిచింది. అచ్చులు వచ్చాయి, హల్లులు రాలేదు. బావ మళ్ళీ అనమన్నాడు. అక్క మళ్ళీ అంది. ఇంకోసారి అడగబోయి, మైకు ఆపేసి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎన్నడూ ఆయన కంట నీరు చూడని నేను ఆ కొట్టంలో నిలవలేకపోయాను.

మైకు వచ్చిన కొత్తల్లో ఆయన అంకెలు లెక్కపెడుతూ దాన్ని పరీక్షించుకునేవాడు. అవన్నీ చెరిపేశాడు. ఒక్కటి మాత్రం ఎలాగో మిగిలిపోయి, ఆ రాత్రి ఆయనకి దొరికింది. దాంట్లో ఆయన అంకెల మధ్యలో తలుపు కిర్రుమంటుంది, అక్క వస్తుంది, "సిక్స్‌టెన్, ఇంకా కాలేదా? కాఫీ చల్లారిపోతోంది" అంటుంది. స్పష్టంగా, కాస్త విసుగ్గా, లోపల నవ్వుతూ.

మర్నాడు తూవా మొదటిరోజు పెట్టి ఇచ్చిన పైథానే మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రోగ్రామ్ రాయడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. తెరంతా ఒకటే గడి.

అక్క దాన్నే నొక్కేది. దాహమేసినా అదే, దిండు జారినా అదే, నొప్పి పుట్టినా అదే. కాఫీ చల్లారిపోతోందని వినపడగానే బావ ఎక్కడున్నా "వస్తున్నా" అంటూ వచ్చేవాడు. వచ్చి ఆమె కళ్ళు చూసి ఏం కావాలో కనుక్కునేవాడు. వేళ్ళు పనిచేసినన్నాళ్ళూ నొక్కింది. వసంతం చివర, లైలాక్ పూలు పూసే రోజుల్లో పోయింది.

ఖననం అయిన వారానికి ఇల్లు సర్దిపెడదామని వెళ్ళాను. బావ కొట్టంలో ఉన్నాడు. మంచం పక్కన ల్యాప్‌టాప్ అలాగే తెరిచి ఉంది. మా అక్కని ఒక్కసారి వినాలనిపించింది. నొక్కాను.

"సిక్స్‌టెన్, ఇంకా కాలేదా? కాఫీ చల్లారిపోతోంది."

కొట్టంలోంచి "వస్తున్నా" అని వినపడింది. ఆ వెంటనే పెరట్లో పరుగు లాంటి నడక. చేతులకి రంపంపొట్టుతో గుమ్మంలోకి వచ్చి నన్ను చూశాడు, మంచం చూశాడు. తప్పైపోయింది బావా అన్నాను. ఆయన గుమ్మాన్ని పట్టుకున్నాడు.

"ఇంకోసారి నొక్కు సిగ్నే" అన్నాడు.