అమ్మ రుచి చూసిన నీళ్ళు

మా ఇంట్లో దేవుడి వంట రుచి చూడరు. నైవేద్యం పెట్టేదాకా పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరికీ తెలియదు. అందుకని అమ్మ నీళ్ళ రుచి చూసేది. ఉప్పలగుప్తం దాటాక, సముద్రానికి దగ్గరలో ఉంది మా ఊరు. మా నూతినీళ్ళు ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండవు. పొద్దున్నే చేదతో తోడి, చుక్క నాలిక మీద వేసుకుని, నోరు పుక్కిలించి ఉమ్మేసి, ఎంత ఉప్పు వెయ్యాలో అప్పుడు తేల్చుకునేది. తరవాత గోడ క్యాలెండర్లో ఆనాటి తిథి పక్కన పెన్సిలుతో రాసేది: చప్పన, కాస్త ఉప్పన, ఉప్పన.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. అమ్మే నా బడి. వేసవిలో కాలువ కట్టేశాక నుయ్యి ఎందుకు ఉప్పనవుతుందో, మళ్ళీ కాలువ వదిలితే ఎందుకు తేరుకుంటుందో చెప్తూ చెప్తూ గోదావరి పటం గీయించేది, మా తాతలు ఈ నేల ఎలా సాగులోకి తెచ్చేరో చెప్పేది. అది ఏ సబ్జెక్టో మాకు తెలియదు.

ఇంటర్ ఓపెన్ స్కూల్లో పాసయ్యాను. ఒక విశ్వవిద్యాలయంలో మన డిగ్రీ చదువు మనమే కూర్చుకోవచ్చని తెలిసింది. మూడు శాఖల పాఠాలు ఎంచుకుని, అవి ఎందుకు కలవాలో ఒక పేజీలో రాసి, అధ్యాపకులను ఒప్పించాలి. ఒప్పుకోకపోతే ఏదో ఒక శాఖలో చేరాలి. నేను రసాయనం, భూగోళం, చరిత్ర రాశాను. ఏ ఒక్కటి తీసుకున్నా మిగతా రెండూ వాకిట్లో నిలబడిపోయినట్టే అనిపించేది.

అధ్యాపకులను కలవడానికి బయల్దేరేరోజు అమ్మ పాత క్యాలెండర్లన్నీ చుట్టి నాన్నగారి సంచిలో పెట్టింది.

"వద్దు నాన్నగారూ, నవ్వుతారు," అన్నాను బస్సులో.

"మీ అమ్మ మొయ్యమంది, మోస్తున్నాను. చూపిస్తావో మానేస్తావో నీ ఇష్టం," అన్నారాయన.

నా పేజీకి 'తీరప్రాంత జలవనరుల సమగ్ర అధ్యయనం' అని పేరు పెట్టుకున్నాను. నాన్నగారు గది బయట ఉండిపోయారు. లోపల ముగ్గురు అధ్యాపకులు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ గారు చదివి కళ్ళజోడు తీశారు.

"బాగుందమ్మా. ఇందులో నువ్వెక్కడున్నావు?"

చదువు చేతిలోంచి జారిపోతున్నట్టే ఉంది. మనసులో దేవుణ్ణి తలుచుకుని, "ఒక్క నిమిషమండి," అని బయటికెళ్ళి సంచి తెచ్చాను.

క్యాలెండర్లు బల్లనిండా పరిచి, అమ్మ రోజూ నూతినీళ్ళు రుచి చూసి రాసినవని చెప్పాను. పాత ఏళ్ళలో కాలువ వదిలిన వారానికల్లా 'చప్పన' కనబడుతుంది. మా చేల పక్కన రొయ్యల చెరువులు తవ్విన దగ్గర్నుంచి వానాకాలంలో కూడా 'కాస్త ఉప్పన'. ఇది చెరువుల వల్లనా, కాలువ నీరు తగ్గడం వల్లనా, సముద్రం వల్లనా అన్నది నాకు తెలియదని, అది తెలుసుకోవాలంటే మూడు శాఖలూ కావాలని చెప్పాను.

"మీ అమ్మగారి నాలిక తప్పు చెప్పదని ఏమిటమ్మా నమ్మకం?" అని అడిగారు మేడమ్ గారు.

"దేవుడి పప్పులో ఒక్కనాడూ ఉప్పు ఎక్కువ కాలేదండి."

"తక్కువైంది రెండుసార్లండి!" గుమ్మం బయటనుంచి నాన్నగారి గొంతు.

ముగ్గురూ నవ్వేశారు. నేను తల దించుకున్నాను. మేడమ్ గారు మాత్రం, "ఆ రెండూ కూడా రాసుకో. తప్పు దాచని కొలతైతే దాంతో పని చెయ్యొచ్చు," అన్నారు. ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: మొదటి ఏడాదంతా అమ్మ మాట పక్కన ఉప్పు కొలిచే మీటరు అంకె కూడా వెయ్యాలి.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అమ్మ ముందు దేవుడి దగ్గర దీపం పెట్టింది. తరవాత నవ్వుతూ, "అయితే ఇన్నాళ్ళకి నా నాలిక్కి పరీక్ష పెట్టేరన్న మాట," అంది. నాకు చదువు చెప్పిన మనిషికే నా వల్ల పరీక్ష వచ్చింది. ఆవిడ ముఖంలో బెంగేమీ లేదు.

నాన్నగారివైపు తిరిగి, "ఏవండీ, వచ్చే ఏటికి పెద్ద గళ్ళున్న క్యాలెండరు తెండి. నా మాట పక్కన ఆ మీటరు అంకె కూడా పట్టాలి," అంది.

"ఆయ్," అన్నారు నాన్నగారు.