టీవీ ముందు పెళ్లిచూపులు

ఎనభైల చివర్లో అమలాపురంలో మా వీధి మొత్తానికి టీవీ మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్న మా ఏసుప్రభువు గుడికి రాని క్రైస్తవులూ, అసలు ఆ గుడితో పనిలేని హిందువులూ ఆదివారం సాయంత్రం మా ముందుగదికి మాత్రం తప్పకుండా వచ్చేవారు. రావద్దని ఎవరికైనా చెప్పడం మా ఇళ్లల్లో తెలియని విద్య.

వాళ్లు వచ్చేది ఒక హిందీ సీరియల్ కోసం. అందులో ఒకాయన పగలంతా బ్యాంకులో నోరులేని గుమాస్తా. ఎవరికైనా ఆపదొస్తే మొహానికి నల్లగుడ్డ చుట్టుకుని, వీపుకి దుప్పటి తగిలించుకుని ఆకాశంలోకి ఎగిరిపోయేవాడు. పక్క కుర్చీలో పనిచేసే అమ్మాయికి ఆ ఎగిరేవాడంటే ప్రాణం, ఈ గుమాస్తా అంటే చిరాకు. ఇద్దరూ ఒకడేనని మా వీధిలో పాలుతాగే పిల్లలక్కూడా తెలుసు, ఆవిడకి తప్ప. నేను హిందీ పరీక్షలు పాసయ్యేను కాబట్టి మాటలకి అర్థం చెప్పే పని నాది. చెబుతూనే తిట్టేదాన్ని కూడా.

ఆ అమ్మాయిని రాసినవాడి మొహం మండ, చదువుకున్న పిల్లకి ఒక్క తెలివైన మాటైనా రాయలేదు. వారంవారం మేడ మీంచో, వంతెన మీంచో పడ్డం, వాడు పట్టుకోడం, ఈవిడ సిగ్గుపడ్డం. దొంగల నాయకుడికి మాత్రం తల్లీ, చెల్లీ, చిన్నప్పటి కష్టాలూ అన్నీ రాసేరు. ఎదురింటి కుర్రాళ్లకి ఇదంతా పట్టేది కాదు, ప్రేమ తగ్గించి ఫైటింగులు పెంచితే చాలనేవారు. పక్కింటి మామ్మగారిది ఇంకో దారి. "ముందు పెళ్లి కానియ్యవే. నిజం ఆ తర్వాత నెమ్మదిగా చెప్పుకుంటాడు" అనేవారు. పెళ్లికి ముందు చెప్పనివాడు తర్వాత మాత్రం ఏం చెబుతాడండీ అని నేను. ఈ తగువు ఏ ఆదివారమూ తెగలేదు.

ఇంత నోరున్న నేను నాన్నగారి ముందు పిల్లినే. ఆయన బడిపంతులు, మంచివారే, కానీ ఇంట్లో ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. అప్పటికే నాకు కొన్ని పెళ్లిచూపులయ్యేయి. ప్రతిసారీ తలొంచుకు కూర్చోడం, వాళ్లు చూసుకుని పోవడం. ఈసారి వచ్చే రాజోలు సంబంధం నాన్నగారికి తెగ నచ్చేసింది. అబ్బాయి లెక్కల మాస్టారు, అబ్బాయి ఊఁ అంటే ఆ సాయంత్రమే ఖాయం చేసేస్తానన్నారు. గొంతైనా వినని మనిషితో బతుకంతా ఎలా ఉండాలో తెలియక నాకు అన్నం సయించలేదు. చెబుదామంటే నోరు పెగల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రావాల్సినవాళ్లు బస్సు దొరక్క సరిగ్గా సీరియల్ వేళకి దిగేరు. అప్పటికే ముందుగది నిండిపోయింది. పెళ్లికొడుకునీ వాళ్లమ్మగారినీ కుర్చీల్లో కూర్చోబెట్టేం. నన్ను టీవీ పక్కన ఎదురుగా కూర్చోబెట్టేరు. సంబంధం తెచ్చిన పెద్దాయన ప్రార్థన మొదలెట్టేరు. అందరం కళ్లు మూసుకున్నాం. మామ్మగారు మాత్రం ఒక కన్ను టీవీకి వదిలేసేరు.

ప్రార్థనయ్యేక పెళ్లికొడుకు నావైపు కళ్లు చికిలించుకుని చూసేడు. "ఏం బాబూ, అమ్మాయి ఎలా ఉంది?" అన్నారు పెద్దాయన. "బాగుందండి" అన్నాడు. అంతే, నాన్నగారి మొహం వెలిగిపోయింది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

"చూపులయ్యేయి కదే అమ్మాయ్, ఆ ఎగిరేవాడేమంటున్నాడో చెప్పు" అన్నారు మామ్మగారు. టీవీలో ఆ అమ్మాయి, మీరెవరో చెప్పండి అని వాణ్ణి బతిమాలుతోంది. సమయం వచ్చినప్పుడు చెబుతానని వాడు ఎగిరిపోయేడు. ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లివారున్నారన్న సంగతి కూడా మరిచిపోయేను.

"వీడికేం సమయం రావాలండీ? నిన్ను ప్రేమిస్తున్నానంటాడు, మొహం చూపించడు. ఆ పిల్ల ప్రేమించేది వీణ్ణా, వీడి నల్లగుడ్డనా? నేనైతే నిజం చెప్పిన గుమాస్తాని చేసుకుంటాను గానీ, దాచుకు తిరిగే ఈ శూరుణ్ణి చచ్చినా చేసుకోను."

అమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడు పెళ్లికొడుకు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ చెప్పిందే సబబండి" అంటూ చొక్కా జేబులోంచి ఇంత మందం కళ్లజోడు తీసేడు. "నాకు దూరం ఆనదండి. ఇది పెట్టుకుంటే సంబంధం కుదరదని, లోపల పెట్టుకోమన్నారండి."

పెద్దాయన ఫ్యాను కేసి చూడ్డం మొదలెట్టేరు. వాళ్లమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాన్నగారికి దాపరికం అంటే గిట్టదు. మొహం గంటు పెట్టుకుని, "ఇదేం పద్ధతండీ" అంటూ లేచేరు. లేచేరంటే ఇక సంబంధం పోయినట్టే. గంట క్రితమైతే సంబరపడేదాన్నే. ఇప్పుడు మాత్రం పోనివ్వబుద్ధి కాలేదు. అంతమందిలో నిజం చెప్పిన మనిషి నాకు నచ్చేసేడు.

"నాన్నగారండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఈయన ఇందాక నన్ను చూడనే లేదు కదండీ. మరి బాగుందన్నది దేన్నంట?"

మామ్మగారు పగలబడి నవ్వేరు. పెళ్లికొడుకు చెవులు ఎర్రబడ్డాయి. "అక్కడో పసుపుపచ్చ చీర ఉన్నట్టు తెలిసిందండి. అంతకుమించి ఏమీ కనబళ్లేదు" అన్నాడు. నాన్నగారు కోపంగా ఉండబోయేరు గానీ మీసాలు కదిలిపోయేయి. మళ్లీ కూర్చున్నారు.

"అయితే ఇప్పుడు చూడండి మాస్టారూ" అన్నారు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను తేరిపార చూసేరు. నేను తలొంచుకోలేదు. నేనూ చూసేను. అద్దాల వెనక పెద్దపెద్ద కళ్లు, కాస్త భయంగా ఉన్నాయి. నేను కాదంటానేమోనని ఆయన భయమని అప్పుడు తెలిసింది. ఒకరు నా మాట కోసం అలా భయపడ్డం అదే మొదలు.

"బాగుందండి" అన్నారాయన మళ్లీ. ఈసారి నా కళ్లల్లోకి చూసి.

నాన్నగారు నావైపు తిరిగేరు. కాసేపు తటపటాయించేరు. అలవాటు లేని పని కదా మరి. "నువ్వేమంటావమ్మా?" అన్నారు.

"ఆయ్. నాకు నచ్చేరండి" అన్నాను, గదిలో అందరికీ వినబడేలా.