బస్సులో ఇనుప బిడ్డ

కొత్త కాపురంలో మా అత్తకు నా మీద కంటే మా ఆయన కారు మీదే కోపం ఎక్కువ. కోటబొమ్మాళి నుంచి పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ బాడుగకు తిరిగే పాత నల్ల కారు అది. మా ఆయన దాని సిలిండర్లు తొలిపించి, పెద్ద పిస్టన్లు వేయించి ఇంజనుకు బలం పెంచాడు. ఆ బలానికి లోపల పిస్టన్ల కింద తిరిగే ఇరుసు, క్రాంకు, తట్టుకోలేకపోయింది. మొదటిసారి నరసన్నపేట దగ్గర విరిగింది. రెండోసారి శ్రీముఖలింగం నుంచి వస్తుంటే, మా అత్త వెనక సీట్లో ఉండగా విరిగింది. పాపం, ఆమె ప్రసాదం బుట్ట నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడిచింది.

ఇంటికొచ్చి ఒకటే మాట అంది. "ఒరే, దీన్ని అమ్మీ. ఇంకొక్క ఇనప ముక్క ఈ గడప దాటిందా, నాను బయటికి పోతాను."

మా ఆయన వారం రోజులు బుద్ధిగా ఉన్నాడు. తర్వాత వంటింట్లోకొచ్చి గుసగుసలాడాడు. "విజయనగరం పాత సామాన్ల కొట్లో మిలిటరీ బండి క్రాంకు ఉన్నాదట. మన ఇంజనుకి సరిపోతాది. పోత పోసింది కాదే, కాల్సి కొట్టిన ఉక్కు."

నాకు అర్థం కాలేదని గోడకున్న కొడవలి చూపించాడు. "దీన్ని పోత పోస్తే ఒక్క కోతకే ముక్కలైపోతాది. కాల్సి కొట్టారు కాబట్టే వంగినా ఇరగదు."

"అత్తకేటి సెప్తావు బావా?"

"మీ అమ్మోలింటికెల్తన్నామని సెప్తాను."

మా పుట్టిల్లు విజయనగరమే. వెళ్లి భోంచేశాం కూడా. అంచేత అబద్ధం సగమే అయింది.

కొట్లో మా ఆయన క్రాంకును తాడుతో వేలాడదీసి స్పానరుతో తట్టాడు. కంచు గంటలా చాలాసేపు మోగింది. పగులుంటే అలా మోగదట. పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లు నాలుగు, అవీ కొట్టిన ఉక్కువే, తీసుకున్నాం.

క్రాంకు గోనెసంచిలో బస్సు పైకెక్కింది. రాడ్లు అక్కడ దెబ్బ తింటాయని వాటిని నా పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. మా ఊరివాళ్లెవరైనా చూస్తారన్న భయంతో పైన కొంగు కప్పి జోకొట్టాను. ఆ బుద్ధి నాదే.

పక్కన ఖాళీ చేపల గంప పెట్టుకుని ఒకామె కూర్చుంది.

"ఎన్ని నెల్లమ్మా?"

"నాలుగు" అన్నాను. లెక్క నిజమే.

"పాలకేడవడేటి?"

"నెమ్మదైనోడు."

అంతలో బస్సు గోతిలో పడి ఎగిరింది. నా ఒళ్లో ఖణేల్‌మంది. ఆమె నేను ఆపేలోపే కొంగు కింద చెయ్యి పెట్టింది.

"అమ్మో! బిడ్డ సల్లబడిపోనాడు! బస్సాపండ్రా!"

బస్సు ఆగింది. అందరూ లేచి నిలబడ్డారు. చీర విప్పక తప్పలేదు. నల్లగా, జిడ్డుగా నాలుగు రాడ్లు. చేపలామె తన అరచేతికంటిన నూనె చూసుకుని, "నీ మొగుడెవుడే, కమ్మరోడా?" అంది. శ్రీకాకుళం దాకా బస్సంతా నవ్వుతూనే ఉంది. మా ఆయన నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి పొలాలు చూశాడు.

మా ఊరి కిళ్లీకొట్టు ఆయన అదే బస్సులో వెనకున్నాడని మాకు తెలియదు. క్రాంకు కారుండే షెడ్డులో దింపి మేం ఇల్లు చేరేసరికి ఆయన ముందే వచ్చి, చెప్పాల్సిందంతా చెప్పి వెళ్లాడు.

అరుగు మీద కూర్చున్న అత్త చేతులు చాచింది. "ఏడే నా మనవడు? ఇలా తే."

చీర మూటను ఆమె ఒళ్లో పెట్టాను. ఒక రాడ్డు తీసి అటూ ఇటూ తిప్పింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు!

"ఒసే, నువ్వు కూడా ఈడితో కలిసిపోనావేటే! సరే, బిగించండి. ఇదీ ఇరిగితే కారుతోపాటు మీరిద్దరూ బయటే."

రాడ్లు నాలుగూ ఒకే బరువుండాలని మా ఆయనంటే, తక్కెడ పట్టింది కూడా ఆమే. బరువెక్కువైన దాన్ని ఆయన ఆకురాయితో అరగదీస్తుంటే, "ఇంకా, ఇంకాస్త" అని పురమాయించింది.

బిగించాక బలం చూద్దామని సాలూరు ఘాట్ రోడ్డుకు వెళ్లాం. అత్త ముందు సీట్లో, నేను వెనక. ఇంజను ఎక్కడా వగర్చకుండా కొండెక్కింది. పైన కారాపి మా ఆయన గర్వంగా తల్లి ముఖంలోకి చూశాడు.

ఆమె చెదిరిన జుట్టు సవరించుకుంది. "కిందికి పోయి మళ్లీ ఎక్కించరా. ఈపాలి బేగి, జోరుగా."